ఫ్రెంచివాళ్ల ‘కావ్’: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఫ్రాన్సులో చదువుకుంటున్నవాళ్లు, ఫ్రెంచి నేర్చుకుంటున్నవాళ్లు పంపిన ప్రశ్నల్లో ‘కావ్’ అనే ఒక్క మాట చుట్టూనే ఈసారి చాలా వచ్చాయి. విడివిడిగా జవాబిస్తే చెప్పిందే చెప్పాల్సొస్తుంది కాబట్టి అన్నిటినీ ఒకచోటికి తెచ్చాను. వరసలో చదివితే ఒకదానికొకటి అందుతాయి.

ప్ర: మాస్టర్స్ కోసం ప్యారిస్ వచ్చాను. అద్దె ప్రకటనల్లో ఇంటి వివరాల చివర ‘అవెక్ కావ్’ అని ఉంటోంది. ఇంగ్లీషు అలవాటులో చదివితే గుహ అనిపిస్తుంది. అసలేమిటిది? ఉంటే మంచిదేనా?

జ: గుహ కాదు బాబూ. స్పెల్లింగు ఇంగ్లీషు మాటదే అయినా పలికేది ‘కావ్’ అని. స్త్రీలింగం కాబట్టి ‘లా కావ్’ అంటారు. మీ ప్రకటనలో దాని అర్థం, ఆ భవనం అడుగున సామాను పెట్టుకోవడానికి మీ ఫ్లాటుకు ఒక చిన్న నేలమాళిగ అర వస్తుందని, అంతే.

పాత ప్యారిస్ భవనాల్లో అది ఎలా ఉంటుందో చెప్తాను, చూడకుండా సంతకం పెట్టకండి. మెట్ల గది పక్కన ఒక తలుపు ఉంటుంది. దాని తాళం అడిగి తీసుకుని కిందికి దిగితే ఇరుకైన నడవా, దానికి అటూ ఇటూ చెక్క బద్దలు కొట్టిన తలుపులు, ఒక్కో తలుపుకీ ఒక తాళంకప్ప, పెయింటుతో రాసిన నంబరు. నేల చాలాచోట్ల సిమెంటు కాదు, దిమ్మిసకొట్టిన మట్టి. పైకప్పు రాతి కమాను. లైటు టైమరు మీద ఉంటుంది కాబట్టి మీరు పెట్టె తెరిచేలోపే ఆరిపోతుంది, ఫోన్ టార్చి తీసుకెళ్లండి. వీధి వైపు గోడకు పైన చిన్న కిటికీ లాంటి కంత ఉంటుంది, బయట నుంచి చూస్తే అది సరిగ్గా ఫుట్‌పాత్ ఎత్తులో ఉంటుంది. దాన్ని ‘సుపిరాయ్’ అంటారు. కింది గదికి గాలి ఆడేది దానిలోంచే, అందుకని సామాను అడ్డం పెట్టి దాన్ని మూసేయొద్దు. మూస్తే గోడలకు చెమ్మ పట్టి నెల తిరిగేసరికి బూజు వస్తుంది.

ఉంటే మంచిదే. పద్దెనిమిది, ఇరవై చదరపు మీటర్ల స్టూడియోలో ఖాళీ సూట్‌కేసులు, సైకిలు కింద పెట్టుకోగలగడం చిన్న విషయం కాదు. కానీ సర్టిఫికెట్లు, పుస్తకాలు, ఉన్ని బట్టలు, పరుపులు, ఎలక్ట్రానిక్ సామాను మాత్రం దించొద్దు. దొంగతనాలు కూడా అక్కడ జరుగుతుంటాయి, ఇంటి ఇన్సూరెన్సులో కావ్‌లోని సామాను కవరవుతుందో లేదో కాగితం చూసి తెలుసుకోండి. సేన్ నదికి దగ్గర పేటలైతే ఇంకో జాగ్రత్త ఉంది. 1910 జనవరిలో వచ్చిన పెద్ద వరదలో నది ఓస్టర్లిజ్ వంతెన దగ్గర 8.62 మీటర్లకు చేరినప్పుడు నీళ్లు కట్టలు దాటి రావడం ఒక ఎత్తు, మురుగు కాలువల్లోంచి, అప్పుడే తవ్వుతున్న మెట్రో సొరంగాల్లోంచి తన్నుకుని నదికి ఎంతో దూరంలో ఉన్న సాన్-లజార్ స్టేషను పరిసరాల దాకా పోవడం ఇంకో ఎత్తు. ముందు మునిగినవి కావ్‌లే. 2016 జూన్‌లో నది 6.10 మీటర్లకు వస్తే లూవ్ర్ మ్యూజియం వాళ్లే అడుగు అంతస్తుల్లో దాచిన కళాఖండాల్ని హడావిడిగా పైకి మోయించారు. వరద హెచ్చరిక ఉన్న రోజున సామాను కోసం కిందికి దిగొద్దు, ప్రాణం కంటే సూట్‌కేసు ఎక్కువ కాదు.

అద్దె ఒప్పందంలో మీ సొంత వాడకానికిచ్చే అదనపు జాగాల గురించి ఒక భాగం ఉంటుంది, కావ్, పార్కింగు, గ్యారేజి అని. అక్కడ కావ్ నంబరు రాశారా లేదా చూడండి. మాటల్లో ‘ఉంది’ అని, కాగితంలో లేకపోతే అది లేనట్టే. ఇల్లు కొనేవాళ్లకు ఇంకో సంగతి: 1996 నాటి ‘కారెజ్ చట్టం’ ప్రకారం అపార్ట్‌మెంటు అమ్మేటప్పుడు చెప్పాల్సిన వైశాల్యంలో కావ్‌ని కలపకూడదు. 1.80 మీటర్ల కంటే తక్కువ ఎత్తున్న భాగాల్నీ కలపకూడదు. ఎవరైనా కలిపి చెప్తున్నారంటే జాగ్రత్త పడాల్సిందే.

ప్ర: మా తమ్ముడికి తెలిసినవాళ్లు కావ్‌నే గదిగా మార్చి తక్కువ అద్దెకి ఇస్తామంటున్నారు. మంచం, హీటరు పెట్టారట. ఆరు నెలలే కదా అంటున్నాడు. ఒప్పుకోవచ్చా?

జ: వద్దమ్మా. ఈ ఒక్క ప్రశ్నకి నా జవాబులో ‘కానీ’ అనే మాట లేదు. ఫ్రాన్సు ప్రజారోగ్య చట్టంలో స్పష్టంగా ఉంది: కావ్‌లు, నేల కింది గదులు, అటకలు, బయటికి కిటికీ లేని గదులు, మొత్తంగా మనిషి కాపురానికి పనికిరాని జాగాల్ని ఎవరికీ నివాసానికి ఇవ్వకూడదు. డబ్బు తీసుకునే కాదు, ఉచితంగా కూడా ఇవ్వకూడదు. మంచం వేసినంత మాత్రాన, గోడకి రంగు కొట్టినంత మాత్రాన అది ఇల్లవదు. అద్దెకిచ్చే ఇంట్లో కనీసం ఒక ముఖ్యమైన గది 9 చదరపు మీటర్ల వైశాల్యంతో 2.20 మీటర్ల ఎత్తన్నా ఉండాలి, లేదా మొత్తం 20 ఘనపు మీటర్లన్నా ఉండాలి అని 2002లో వచ్చిన డిక్రీ చెప్తోంది. ఇది కేవలం కొలత. దానితోపాటు వెలుతురు, గాలి కూడా ఉండాలి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. గాలి ఆడని నేలమాళిగలో హీటరు పెట్టుకుని పడుకోవడం ఆరోగ్యానికి, ఒక్కోసారి ప్రాణానికే ముప్పు. అగ్నిప్రమాదం వస్తే బయటపడే దారి ఆ ఒక్క మెట్ల దారే. ఊరికి కొత్తగా వచ్చిన పిల్లలు, భాష రానివాళ్లు, కాగితాల భయం ఉన్నవాళ్లే ఇలాంటి గదులకు దొరుకుతారు, ఇచ్చేవాళ్లకూ ఆ సంగతి బాగా తెలుసు.

ఒకవేళ ఇప్పటికే అందులో దిగిపోయి ఉంటే కంగారు పడొద్దు. తప్పు ఇచ్చినవాడిది, ఉన్నవాడిది కాదు. ఊరి మేరీలో, అంటే పురపాలక కార్యాలయంలో, ఆరోగ్య విభాగం ఉంటుంది, అక్కడ ఫిర్యాదు చెయ్యొచ్చు. వాళ్లు వచ్చి చూసి, ప్రిఫె అనే జిల్లా అధికారి ఉత్తర్వు ఇస్తే అద్దె కట్టక్కర్లేదు, పైగా వేరే ఇల్లు చూపించే బాధ్యత యజమాని మీదే పడుతుంది. జిల్లాల్లో ‘ఆదిల్’ అనే గృహ సమాచార సంస్థలున్నాయి, డబ్బు తీసుకోకుండా సలహా ఇస్తాయి. ముందు అక్కడికి వెళ్లమనండి.

ఇంకొక్క మాట. ప్రకటనల్లో ‘సుప్లెక్స్’ అని కనబడుతుంది. పై అంతస్తు కలిసొస్తే డూప్లెక్స్, కింది నేలమాళిగ కలిసొస్తే సుప్లెక్స్. కొన్ని బాగానే ఉంటాయి, కానీ పడకగది కిందే ఉందా, దానికి బయటికి కిటికీ ఉందా, గోడ అడుగున తెల్లటి ఉప్పు చారలున్నాయా అన్నవి పగటిపూట వెళ్లి చూసుకోవాలి. ఆ చారలు చెమ్మకి గుర్తు.

ప్ర: లాస్కో గురించి ఫ్రెంచిలో వ్యాసం రాస్తూ ‘లా కావ్ ద లాస్కో’ అని రాశాను. మా టీచరు ఎర్ర గీత పెట్టింది. ఎందుకు?

జ: టీచరు గీసింది సరైన గీతే. ప్రకృతి చేసిన గుహని ‘గ్రోట్’ అంటారు. 1940లో దోర్దోన్ ప్రాంతంలో మోంతిన్యాక్ ఊరి దగ్గర బయటపడిన ఆ బొమ్మల గుహ ‘గ్రోట్ ద లాస్కో’. సందర్శకుల ఊపిరితో, తేమతో బొమ్మలు పాడైపోతున్నాయని 1963లో దాన్ని మూసేశారు, ఇప్పుడు జనం చూస్తున్నవి పక్కన కట్టిన నకళ్లు. ఆదిమానవుడి సందర్భంలో, ప్లేటో చెప్పిన గుహ కథ సందర్భంలో ‘కావెర్న్’ అనే మాట వాడతారు. నేల ఉన్నట్టుండి నోరు తెరిచినట్టు నిలువుగా దిగిపోయే అగాధమైతే ‘గుఫ్ర్’. లోత్ ప్రాంతంలోని పాదిరాక్ అలాంటిదే, దాని అడుగున పారే నదిని 1889లో ఎదువార్ ఆల్ఫ్రె మార్తెల్ పడవేసుకుని వెళ్లి చూశాడు.

కావ్ అనాలంటే మనిషి దాన్ని ఏదో ఒక పనికి వాడుకుంటూ ఉండాలి. తెలుగులో దీనికి దగ్గరగా వచ్చేది గుహ కాదు, పాతర. ధాన్యం పోయడానికి నేలలో తవ్వుకున్నదే పాతర అయింది గానీ, నేలలో ఉన్న ప్రతి గుంటా పాతర కాదు కదా, అలాగే ఇదీ. లోతు ఎంత అన్నది కాదు, అందులో ఏం దాచారు అన్నదే ఈ మాటకి ప్రాణం. ఇది పట్టుకుంటే మిగతా ప్రశ్నల్లో సగం వాటంతటవే విడిపోతాయి.

ప్ర: అలా అయితే రోక్‌ఫోర్ చీజ్ పండించేవి సహజమైన గుహలే కదా? వాటిని మాత్రం కావ్‌లు అంటారెందుకు?

జ: ఈ ప్రశ్న పంపినవాళ్లకి నమస్కారం, ఎందుకంటే పైన చెప్పిన సూత్రానికి ఇంతకంటే మంచి పరీక్ష లేదు.

ఆవెరోన్ ప్రాంతంలో రోక్‌ఫోర్-సుర్-సూల్జోన్ అనే చిన్న ఊరు కోంబలూ అనే కొండని ఆనుకుని ఉంటుంది. ఎప్పుడో ఆ కొండ అంచు విరిగి కూలి, రాతి గుట్టల మధ్య సందులు, పగుళ్లు మిగిలిపోయాయి. ఆ పగుళ్లని ‘ఫ్లోరీన్’లు అంటారు. కొండ లోపలి నుంచి చల్లటి తడి గాలి వాటిలోంచి వస్తూ, ఏడాది పొడుగునా ఇంచుమించు ఒకే చలి, ఒకే తేమ ఉండేలా చూస్తుంది. లోపలికి అడుగుపెట్టి ఫ్లోరీన్ నోటి దగ్గర చెయ్యి పెడితే గాలి తగులుతుంది, ఫ్యాన్ లేదు, మోటారు లేదు. చీజ్‌లో నీలి చారలు తెచ్చే పెనిసిలియం రోక్‌ఫోర్తీ అనే బూజుకి సరిగ్గా అలాంటి గాలే కావాలి. లకోన్ జాతి గొర్రెల పచ్చిపాలతో చేసిన చీజ్ దిమ్మలకి సూదులతో పొడిచి కంతలు పెట్టేది కూడా ఆ గాలి లోపలికి పోవాలనే.

కొండలోని పగుళ్లు ప్రకృతివి, నిజమే. వాటికి గోడలు కట్టి, అంతస్తులు దించి, ఓక్ చెక్కల అరలు వేసి, చీజ్ పేర్చి, తలుపు పెట్టి గాలిని కొలతగా వాడుకున్నది మనుషులు. అలా గ్రోట్ కాస్తా కావ్ అయింది. ఇక్కడి స్థానికులు ఈ కావ్‌లని ‘కబాన్’ అనేవారు, అందులో చీజ్ చూసుకునే పని తరతరాలుగా ఆడవాళ్లది, వాళ్లకి ‘కబానియేర్’లు అని పేరు. ఆ చలిలో, ఆ తడిలో రోజంతా నిలబడి చేసే పని అది. రోక్‌ఫోర్ కథ చెప్పే చాలామంది 1411లో ఆరో చార్లెస్ రాజు ఊరివాళ్లకిచ్చిన హక్కు పత్రం దగ్గర ఆగిపోతారు గానీ, నాకు మాత్రం రాజు కంటే ఆ కబానియేర్‌లే ముఖ్యం అనిపిస్తుంది. 1925లో ఒక చట్టం ద్వారా ఆ పేరుకి రక్షణ వచ్చింది, ఒక చీజ్‌కి అలా పుట్టిన చోటు పేరు మీద హక్కు దక్కడం ఫ్రాన్సులో అదే మొదటిసారి. ఈ కావ్‌లలో మగ్గకపోతే చీజ్ ఎంత బాగున్నా దాన్ని రోక్‌ఫోర్ అని అమ్మడానికి లేదు.

ప్ర: కావ్ అంటే వైన్ గది అని డిక్షనరీలో ఉంది. కానీ బోర్దోలో ఒక గైడు దాన్ని ‘షే’ అన్నాడు. ఇంకోచోట ‘సెల్యే’ అని విన్నాను. సూపర్ మార్కెట్లో ఫ్రిజ్‌ని కూడా ‘కావ్ ఆ వాన్’ అంటున్నారు. ఏది దేనికి?

జ: షే అంటే వైన్ పీపాలు పెట్టే పెద్ద షెడ్డు లాంటి కట్టడం, మామూలుగా నేల మీదే ఉంటుంది. బోర్దో నేలల్లో చాలాచోట్ల నీరు పైకే ఉండటంతో లోతుగా తవ్వడం కష్టం, అందుకే అక్కడ షేలు. బుర్గోన్, షాంపేన్ ప్రాంతాల్లో తవ్వుకునే వీలుంది కాబట్టి కావ్‌లు. సెల్యే అంటే చల్లగా ఉండే నిల్వ గది, వైనూ ఉండొచ్చు, దినుసులూ ఉండొచ్చు, నేల కిందే ఉండాలని లేదు.

ఇక ‘ఇల్ ఆ ఉన్ బెల్ కావ్’ అంటే ఫలానాయనకి మంచి కావ్ ఉంది అని, అక్కడ గదిని పొగడటం లేదు, ఆయన పోగేసిన సీసాల్ని పొగుడుతున్నారు. వైన్ అమ్మే దుకాణదారుడు ‘కావిస్త్’, ఆయన కొట్టు పదో అంతస్తులో ఉన్నా కావిస్తే. ‘కావ్ కోఓపెరతీవ్’ అంటే ద్రాక్ష రైతుల సహకార సంఘం, దానికి నేలమాళిగ ఉన్నా లేకపోయినా ఆ పేరే. మీరు చూసిన ఫ్రిజ్ కూడా అలాగే, సుమారు 12 డిగ్రీల చలి, చీకటి, కదలిక లేకుండా ఉండటం అనే నేలమాళిగ గుణాల్ని ఒక బీరువాలో పెట్టి అమ్ముతున్నారు. చుట్టలకి ‘కావ్ ఆ సిగార్’ కూడా ఉంది. స్విట్జర్లాండులో ఫ్రెంచి మాట్లాడేవాళ్లయితే సీసాలు కిందికి దించి దాచడాన్ని ‘ఆంకావే’ అని క్రియాపదమే చేసుకున్నారు.

షాంపేన్ గురించి మాత్రం కొంచెం ఆగి చెప్పాలి. రాన్స్ నగరం కింద సుద్దరాయి పొరలున్నాయి, కట్టడాల కోసం ఆ రాయిని పాతకాలం నుంచీ తవ్వి తీయగా మిగిలిన లోతైన గుంతల్ని ‘క్రేయేర్’లు అంటారు. పైన సన్నటి నోరు, లోపలికి పోనుపోను వెడల్పు. తర్వాత వాటిని సొరంగాలతో కలిపి షాంపేన్ సీసాలకి కావ్‌లు చేశారు. ‘షాంపేన్ కొండవాలులు, సంస్థలు, కావ్‌లు’ కలిపి 2015లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ ఫిరంగులు రాన్స్ మీద గుళ్లు కురిపిస్తుంటే ఊరి జనం నెలల తరబడి ఈ కావ్‌లలోనే తలదాచుకున్నారు. 1914 చివర్లో అక్కడే బడులు తెరిచారు. సీసాల వరసల మధ్య బల్లలు, దీపాల వెలుగులో పాఠాలు, విషవాయువు భయంతో పిల్లలకి మాస్కులు తొడుక్కోవడం కూడా నేర్పేవారు. షాంపేన్ సంస్థల టూరుకి వెళ్లినవాళ్లు చివర్లో ఇచ్చే గ్లాసు గురించి చెప్తారు, ఈ బడుల గురించి అడిగి తెలుసుకుని వస్తే ఇంకా బాగుంటుంది.

ప్ర: ‘రా ద కావ్’ అంటే నేలమాళిగ ఎలుక అనుకున్నాను, ఒక పాత కథలో అది మనిషిలా మాట్లాడుతోంది.

జ: మనిషే. పూర్వం వైన్ వ్యాపారుల కావ్‌లలోకి దిగి పీపాలు లెక్కపెట్టి పన్ను వేసే ఉద్యోగులకి జనం కోపంతో పెట్టిన పేరు అది. చీకట్లో వాళ్లు వెలిగించుకునే, చుట్ట చుట్టిన సన్నటి మైనపు వత్తికి కూడా అదే పేరుంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఈ మాట ఇంకోలా బతికింది, అది కింది ప్రశ్నలో వస్తుంది.

ప్ర: ప్యారిస్‌లో జాజ్ సంగీతం వినడానికి కావ్‌కి వెళ్దాం అంటున్నారు ఫ్రెండ్స్. సామాను గదిలో సంగీతమేమిటి?

జ: రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక సాన్-జెర్మాన్-దె-ప్రే, దాని పక్కనున్న లాటిన్ క్వార్టరు యువకులకి డాన్సు చెయ్యడానికి, రాత్రంతా వాయించుకోవడానికి చోటు కావాలి, చేతిలో డబ్బు లేదు. పాత భవనాల అడుగున రాతి కమానుల గదులు ఖాళీగా ఉన్నాయి. 1946లో క్లారినెట్ వాయించే క్లోద్ లుతేర్ బృందం కార్మ్ వీధిలో ఒక హోటల్ కింది కావ్‌లో వాయించేది, పేరు ‘లోరియాంతే’. 1947లో దోఫీన్ వీధిలో ‘తాబూ’ తెరిచారు, రచయిత బోరిస్ వియాన్ అక్కడ ట్రంపెట్ ఊదేవాడు, గాయని జూలియెట్ గ్రెకో పేరు ఆ చోటుతో ముడిపడిపోయింది. పొగ, చెమట, ఇరుకు, అయినా జనం కిక్కిరిసిపోయేవారు. తెల్లవారుజామున బయటికొచ్చిన గుంపు గోలకి చుట్టుపక్కలవాళ్లు నిద్రలేక ఫిర్యాదులు చేసేవారు. అక్కడ డాన్సు చేసే కుర్రకారుని కూడా ‘రా ద కావ్’ అనే అన్నారు, ఈసారి పన్నుల కోపం లేదు.

ఉషెత్ వీధిలోని ‘కావో ద లా ఉషెత్’ ఆ కాలం నుంచీ నడుస్తోంది. వీలైతే అక్కడికే వెళ్లండి. పైన గది మామూలు బారులా ఉంటుంది, సన్నటి మెట్లు దిగాకే అసలు సంగతి, బ్యాండు పక్కనే జనం జంటలుగా స్వింగ్ డాన్సు చేస్తుంటారు. రాతి గోడల మధ్య డ్రమ్ము మోత ఛాతీకి తగులుతుంది.

ప్ర: మీరిప్పుడు ‘కావో’ అన్నారు. శ్మశానంలో కూడా ‘కావో’ అని చూశాను. అదీ ఇదీ ఒకటేనా? ప్యారిస్ నేల కింద ఎముకలు పేర్చి ఉంచిన కాటకోంబ్‌లని ఏమనాలి?

జ: మాట ఒకటే. కావో అంటే చిన్న కావ్, పుంలింగం. కుటుంబమంతటికీ కలిపి నేల కింద కట్టుకునే సమాధి గదీ కావోయే, వైన్ రుచి చూపించే చిన్న గదీ కావోయే, పాటల క్లబ్బూ కావోయే. బోర్డు ఎక్కడుందో చూసి అర్థం చేసుకోవాలి.

కాటకోంబ్‌లు మాత్రం పుట్టుకతో సమాధులు కావు, కావ్‌లూ కావు. అవి రాతి గనులు, ‘కారియేర్’లు. ప్యారిస్ కట్టిన సున్నపురాయి చాలావరకు ప్యారిస్ కిందనుంచే తీశారు. పైన ఊరు పెరిగింది, కింద ఖాళీ మిగిలింది. 1774లో ఆంఫేర్ వీధి దగ్గర నేల కుంగిపోయింది. 1777లో గనుల తనిఖీ విభాగాన్ని పెట్టి గియోమో అనే వాస్తుశిల్పికి అప్పగించారు. ఆయన మనుషులు కింద స్తంభాలు కడుతూ, పైన ఏ వీధి ఉందో ఆ పేరునే కింది గోడ మీద చెక్కుతూ పోయారు. పై వీధులకి తర్వాత పేర్లు మారినా కిందవి అలాగే ఉండిపోయాయి. నాకు ఈ మొత్తం వ్యవహారంలో ఎంతో ఇష్టమైన సంగతి ఇదే, ఊరి పాత చిరునామాల పుస్తకం ఊరి కిందే ఉంది.

ఎముకలు ఎలా వచ్చాయంటే, ఆ కథ మళ్లీ ఒక కావ్‌తోనే మొదలవుతుంది. ఊరి నడిబొడ్డున ఇన్నోసాన్ శ్మశానం శతాబ్దాల తరబడి నిండిపోయి, పక్క వీధుల నేలకంటే ఎత్తు పెరిగింది. 1780లో పక్కనే లాంజరీ వీధిలో ఒక ఇంటి కావ్ గోడ ఆ బరువుకి తాళలేక విరిగి, సామూహిక గోతిలోని శవాలు ఆ ఇంటి నేలమాళిగలోకి వచ్చి పడ్డాయి. ఆ కంపు భరించలేక జనం గగ్గోలు పెట్టారు. ఆ ఏడే శ్మశానం మూసేశారు. ఎముకలు ఎక్కడ పెట్టాలన్న ప్రశ్నకి తోంబ్-ఇస్వార్ దగ్గరి పాత గనులు జవాబయ్యాయి. 1786 ఏప్రిల్ 7న ఆ చోటుని మతకర్మలతో పవిత్రం చేశారు. ఎముకల్ని రాత్రిపూట నల్లగుడ్డ కప్పిన బళ్ల మీద తరలించారు. మిగతా శ్మశానాలవీ చేరి, మొత్తం కొన్ని లక్షల మందివి, మామూలుగా చెప్పే లెక్క అరవై లక్షలు. రోమ్‌లోని భూగర్భ సమాధులు గుర్తుకొచ్చి దీనికీ కాటకోంబ్ అని పేరు పెట్టారు, 1809 నుంచి జనాన్ని చూడనిస్తున్నారు.

సందర్శకులు చూసేది 20 మీటర్ల లోతున కిలోమీటరున్నర దారి మాత్రమే. మొత్తం గనుల దారులు దాదాపు 300 కిలోమీటర్లు. ఆ మిగతా భాగంలోకి దొంగదారిన దిగేవాళ్లని ‘కాటాఫీల్’లు అంటారు. 1955 నుంచీ అది నిషిద్ధం, పట్టుబడితే జరిమానా. దారి తప్పితే ఫోను కూడా పనిచెయ్యదు కాబట్టి ఎవరు పిలిచినా వెళ్లకండి.

ప్ర: సుసోల్, సుతెరాన్, కావ్ మూడూ ‘భూగర్భం’ అనే వస్తున్నాయి అనువాదంలో.

జ: సుసోల్ అంటే భవనంలో నేలకంటే కింద ఉన్న అంతస్తు, లిఫ్టులో మైనస్ ఒకటి. అందులో పార్కింగు, బాయిలరు గది, కావ్‌లు అన్నీ ఉండొచ్చు. భూమి లోపలి ఖనిజాల గురించి మాట్లాడేటప్పుడూ ఇదే మాట. సుతెరాన్ అంటే నేల కింది దారి, సొరంగం. కోటలోంచి బయటికి దారి ఉందని కథల్లో వినేది ఇదే. విశేషణంగా వాడితే నేల కింద ఉన్న ఏదైనా సరే. కోటల్లో ‘ఉబ్లియెత్’ అని చూపించి, ఖైదీని ఇందులో పడేసి మర్చిపోయేవాళ్లు అని గైడ్లు చెప్తారు, నమ్మే ముందు ఆలోచించండి. వాటిలో చాలావరకు తిండిగింజలు, మంచు నిల్వ చేసుకున్న గుంతలో, మరుగుదొడ్ల గోతులో అని చరిత్రకారులు తేల్చారు.

ప్ర: క్యూబెక్‌లో ఉంటాను. తోటి ఉద్యోగి నన్ను నవ్వుతూ ‘త్యే కావ్’ అన్నాడు. నేలమాళిగా నేను?

జ: కాదు, తెలివితక్కువవాడివి అన్నాడు. క్యూబెక్‌లో అది బాగా వాడుకలో ఉన్న మాట, స్నేహితుల మధ్య సరదాకి చెల్లుతుంది, పై ఉద్యోగి మీద మాత్రం ప్రయోగించకండి. ఫ్రాన్సులో పాత దొంగల భాషలో ‘అన్ కావ్’ అంటే మన ముఠాకి చెందనివాడు, సులువుగా మోసపోయేవాడు. చూడండి, అక్కడ పుంలింగం. ‘లా కావ్’ అయితే నేలమాళిగ, ‘ల కావ్’ అయితే అమాయకుడు. పేకాటలో మళ్లీ స్త్రీలింగం, బల్ల మీద కూర్చునేటప్పుడు ముందు పెట్టే డబ్బుని కావ్ అంటారు, అదంతా పోయినవాడు ‘దెకావే’.

ప్ర: నర్సింగ్ చదువుతున్నాను, ‘వేన్ కావ్’ అని వచ్చింది. దీనికీ నేలమాళిగకీ సంబంధం ఉందా?

జ: ఉంది. లాటిన్‌లో బోలుగా ఉన్నదాన్ని ‘కావుస్’ అంటారు, నేలమాళిగదీ ఆ కుటుంబమే, ఈ సిర పేరుదీ ఆ కుటుంబమే. శరీరంలోని ఆక్సిజన్ తగ్గిన రక్తాన్ని గుండె కుడి పై గదికి చేర్చే పెద్ద సిరలు రెండు, పైనుంచి వచ్చేది ‘వేన్ కావ్ సుపెరియర్’, కిందనుంచి వచ్చేది ‘వేన్ కావ్ ఆంఫెరియర్’. ఇక్కడ కావ్ విశేషణం, బోలు అని అర్థం. జబ్బు మనిషి కళ్లు లోపలికి పోయాయని చెప్పడానికి కూడా పుస్తకాల ఫ్రెంచిలో ‘లెజ్ యో కావ్’ అంటారు. ఆసుపత్రిలో రోగితో మాట్లాడేటప్పుడు మాత్రం దానికి బదులు ‘క్రూ’ అనండి, అందరికీ తెలిసిన మాట అదే.